నలుపు తెలుపుల్లో ఒక బాల్యం

ఆత్మకథ అనగానే పుటల నిండా అక్షరాలే మనసులో మెదలుతాయి. కందుకూరి వీరేశలింగం పంతులు స్వీయచరిత్ర మొదలుకొని తెలుగులో వెలువడిన ప్రసిద్ధ ఆత్మకథలు ఆ కోవకు చెందినవే. బొమ్మల కథ అనగానే చందమామ వంటి పిల్లల పత్రికలు, వారపత్రికల్లోని హాస్యచిత్రాలు గుర్తుకు వస్తాయి. జైళ్లు, మరణశిక్షలు, బాంబుదాడులు నిండిన ఒక దేశచరిత్రను, ఆ చరిత్ర నడుమ పెరిగిన ఒక బాలిక జీవితాన్ని బొమ్మల కథగా చెప్పడం సాధ్యమా అన్న సందేహం సహజమైనదే. ఆ సందేహాన్ని తీర్చిన రచనల్లో 'పెర్సెపోలిస్' ఒకటి. ఇరాన్ దేశంలో పుట్టి పెరిగిన మర్జాన్ సత్రపీ తన బాల్య యౌవనాలను నలుపు తెలుపు బొమ్మల్లో గీసి, వాటికి క్లుప్తమైన వాక్యాలను జోడించి ఈ చిత్రరూప ఆత్మకథను రూపొందించారు. ఇది ఫ్రెంచి భాషలో 2000 నుంచి 2003 వరకు నాలుగు భాగాలుగా వెలువడింది. 2003, 2004 సంవత్సరాల్లో రెండు సంపుటాలుగా ఆంగ్లంలోకి వచ్చింది.

సత్రపీ 1969 నవంబరు 22న కాస్పియన్ సముద్రానికి సమీపంలోని రష్త్ నగరంలో జన్మించారు. రాజధాని టెహరాన్‌లో పెరిగారు. మర్జాన్ అనే పారశీక పదానికి పగడం అని అర్థం. తండ్రి ఇంజనీరు. తల్లిదండ్రులు ఇద్దరూ వామపక్ష భావాలు గలవారు; చక్రవర్తి నిరంకుశత్వాన్ని నిరసిస్తూ ప్రదర్శనల్లో నడిచినవారు. తాతగారు, అంటే తల్లికి తండ్రి, 1925లో పదవీచ్యుతమైన ఖాజార్ రాజవంశానికి చెందినవాడు. ఆయన తర్వాతి పాలనలో ప్రధానమంత్రి పదవి పొంది, కాలక్రమాన కమ్యూనిస్టుగా మారి జైలు పాలయ్యాడని పుస్తకంలో ఉంది. జైలులో ఆయనను నీళ్లు నింపిన గదిలో గంటల తరబడి ఉంచేవారట. ఆ సంగతి విన్న మనుమరాలు ఆ బాధ ఎలాంటిదో తెలుసుకోవాలని స్నానాల తొట్టిలో చాలాసేపు కూర్చుని, వేళ్లు ముడతలు పడిన తర్వాత బయటికి వస్తుంది. పుస్తకంలో చరిత్ర ప్రవేశించే తీరు ఇదే. అది ముందుగా ఇంట్లో మాటగా వినిపిస్తుంది. ఆ తర్వాత ఒక పసిపిల్ల శరీరానికి తెలిసివస్తుంది.

పుస్తకానికి పెట్టిన పేరు కూడా గమనింపదగినది. పెర్సెపోలిస్ అంటే గ్రీకు భాషలో పారశీకుల నగరం. షిరాజ్ నగరానికి సమీపంలో క్రీ.పూ. 6వ శతాబ్దంలో డేరియస్ చక్రవర్తి నిర్మాణం ప్రారంభించిన ఈ రాజధానిని క్రీ.పూ. 330లో అలెగ్జాండరు సేనలు తగలబెట్టాయి. ఇరాన్ ప్రజలు ఆ శిథిలాలను తఖ్తె జంషీద్ అంటారు. 1971లో మొహమ్మద్ రెజా షా పహ్లవీ తన దేశపు రాచరికానికి 2500 ఏళ్లు నిండాయని అక్కడే అట్టహాసంగా ఉత్సవాలు జరిపించాడు. ఎనిమిదేళ్లు తిరగకుండానే ఆ రాచరికం కూలిపోయింది. ఒక మధ్యతరగతి బాలిక కథకు ఇంత పురాతన నగరం పేరు పెట్టడంలో, ఈ దేశానికి ఇటీవలి మతపాలనకన్నా ఎంతో పొడవైన గతం ఉందని గుర్తుచేయాలన్న సంకల్పం కనిపిస్తుంది.

చారిత్రక నేపథ్యం

కథను అర్థం చేసుకోవడానికి కొంత చరిత్ర తెలియాలి. 1951లో ఇరాన్ ప్రధాని మొహమ్మద్ మొసాద్దెగ్ ఆంగ్లేయుల అధీనంలో ఉన్న చమురు పరిశ్రమను జాతీయం చేశాడు. 1953 ఆగస్టులో అమెరికా, బ్రిటన్ గూఢచార సంస్థల అండతో జరిగిన కుట్రలో ఆయన పదవి కోల్పోయాడు. అప్పటినుంచి షా అధికారానికి ఎదురులేకుండా పోయింది. సావాక్ అనే రహస్య పోలీసు విభాగం ప్రత్యర్థులను నిర్బంధించి హింసించింది. 1978లో ప్రజాగ్రహం పెల్లుబికింది. ఆ ఏడాది సెప్టెంబరు 8న టెహరాన్‌లో సైనికులు ప్రదర్శకులపై కాల్పులు జరిపిన రోజు 'నల్ల శుక్రవారం'గా చరిత్రకెక్కింది. 1979 జనవరి 16న షా దేశం విడిచి వెళ్లాడు. ఫిబ్రవరి 1న ఆయతుల్లా ఖొమేనీ ప్రవాసం నుంచి తిరిగివచ్చాడు. రాచరికాన్ని కూల్చడానికి మతవాదులు, వామపక్షీయులు, ఉదారవాదులు అందరూ కలిసి నడిచారు. అధికారం మాత్రం మతవాదుల చేతిలో నిలిచింది. మిగిలినవారిలో అనేకులు మళ్లీ జైళ్లకు వెళ్లారు. 1980 సెప్టెంబరు 22న ఇరాక్ సేనలు ఇరాన్‌పై దాడి చేశాయి. ఆ యుద్ధం 1988 ఆగస్టు దాకా సాగి లక్షలాది ప్రాణాలు బలిగొంది.

ఈ పుస్తకంలో ఇదంతా ఉంది. కానీ పాఠ్యపుస్తకంలో చెప్పిన క్రమంలో లేదు. ఒక ఇంటి గోడల మధ్య, ఒక బడి వసారాలో, భోజనాల బల్ల దగ్గర ఏమి జరిగిందో ఆ మేరకే ఉంది.

చిరిగిన పుటలు

కథానాయిక పేరు మార్జీ. ఆరేళ్ల వయసులో ఆమె ఆశయం ప్రవక్త కావడం. అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులు గనుక, తన మతంలో ముసలివారెవరికీ బాధ ఉండరాదని ఆమె ఒక నియమం కూడా రాసుకుంటుంది. రాత్రివేళ దేవుడు ఆమె గదికి వచ్చి మాట్లాడుతుంటాడు. ఇంట్లో తత్త్వశాస్త్రాన్ని బొమ్మల్లో చెప్పే పుస్తకం ఒకటి ఉంది. అందులోని కార్ల్ మార్క్స్‌ను చూసి, ఆయనకూ దేవుడికీ పోలిక ఉందని, జుట్టులో మాత్రమే కొద్ది తేడా అని ఆమె నిర్ణయించుకుంటుంది. పెద్దలను నవ్వించే పసితనం ఇది. ముళ్లపూడి వెంకటరమణ సృష్టించిన బుడుగు కూడా పెద్దల లోకాన్ని ఇలాగే తన కొలతతో కొలుస్తాడు. అయితే బుడుగు వీధిలో పిరంగులు లేవు. మార్జీ అమాయకత్వానికి ప్రతిరోజూ ఒక పరీక్ష ఎదురవుతుంది.

ఆ పరీక్షల్లో ఒకటి బడిలోనే జరుగుతుంది. షాను సాక్షాత్తు దేవుడే ఎన్నుకున్నాడని పాఠం చెప్పిన ఉపాధ్యాయురాలే, విప్లవం గెలిచిన తర్వాత, పుస్తకాల్లో ఉన్న షా చిత్రాలను చింపివేయమని పిల్లలను ఆదేశిస్తుంది. ఇంతకుముందు మీరే కదా అలా చెప్పారని అడిగిన మార్జీకి శిక్ష పడుతుంది. ఈ ఘట్టం రెండు మూడు గడులకు మించి లేదు. అయినా పుస్తకమంతటికీ ఇది కీలకం అనవచ్చు. పెద్దల సత్యం రాత్రికి రాత్రి మారిపోతే పిల్లలు దేనిని నమ్మాలి? పొరుగువాడు నేడు విప్లవవీరుడినంటాడు. చెంప మీది మచ్చను చూపి బులెట్ గాయమంటాడు. ఇంట్లో తల్లిదండ్రులకు ఆ మాటలోని అసత్యం తెలుసు. బయట చెప్పకూడదని కూడా తెలుసు.

పసిపిల్లలు పెద్దల హింసను చూసి భయపడతారని మాత్రమే రచయిత్రి చెప్పలేదు. వారు దానిని నేర్చుకుంటారని కూడా చూపారు. సావాక్‌లో పనిచేసిన ఒక ఉద్యోగి కొడుకు రామిన్. అతని తండ్రి హంతకుడని విన్న మార్జీ తన స్నేహితులతో కలిసి, వేళ్ల సందున మేకులు బిగించుకుని, అతని మీదికి బయలుదేరుతుంది. తల్లి అడ్డుపడి మందలిస్తుంది. తండ్రి చేసిన పనికి కొడుకు బాధ్యుడు కాడని నచ్చజెబుతుంది. మార్జీ వెళ్లి రామిన్‌ను క్షమించానని ప్రకటిస్తుంది. అతను ఆ క్షమను అందుకోడు. తన తండ్రి చంపినది కమ్యూనిస్టులను అని, వారు దుష్టులని బదులిస్తాడు. ఇద్దరు పిల్లలు తమతమ ఇళ్లలో విన్న మాటలతో ఎదురెదురుగా నిలబడ్డారు. జైలునుంచి విడుదలై వచ్చిన ఇంటి స్నేహితులు చెప్పిన చిత్రహింసల వర్ణనలు విన్న తర్వాత, అదే హింస పేర్లతో మార్జీ ఆటలు కూడా ఆడుతుంది. ఆట ముగిశాక అద్దం ముందు నిలబడి తనలో ఏదో క్రూరమైనది ఉందని భయపడుతుంది. తన బాల్యాన్ని తానే చెప్పుకునే రచయితల్లో ఇంత దాపరికం లేనివారు తక్కువ.

మార్జీ తండ్రి సోదరుడు అనూష్ షా కాలంలో తొమ్మిదేళ్లు జైలులో గడిపినవాడు. విప్లవం అతనిని విడిపిస్తుంది. ఇంట్లో ఒక అసలైన వీరుడు ఉన్నాడని ఆ పిల్ల మురిసిపోతుంది. జైలులో రొట్టెముద్దతో చేసిన చిన్న హంసబొమ్మను అతను ఆమెకు కానుకగా ఇస్తాడు. కొద్దికాలానికే కొత్త ప్రభుత్వం అతనిని అరెస్టు చేస్తుంది. మరణశిక్షకు ముందు ఒక్కరినే చూడడానికి అనుమతి ఇస్తే, అతను మార్జీని కోరుకుంటాడు. అప్పుడు మరొక హంసను ఇస్తాడు. అతను రష్యా గూఢచారి అని, శిక్ష అమలైందని పత్రికలో వస్తుంది. ఆ రాత్రి మార్జీ దేవుడిని తన గదిలోనుంచి వెళ్లిపొమ్మంటుంది. తర్వాతి బొమ్మలో ఆమె దిక్కులేని చీకటి ఆకాశంలో ఒంటరిగా తేలుతుంటుంది. అదే గడిలో బాంబులు పడుతున్నాయని, నేలమాళిగలోకి పరుగెత్తమని ఎవరో కేక వేస్తారు. సొంత దుఃఖానికీ దేశం మీదికి వచ్చిన యుద్ధానికీ నడుమ ఆమెకు ఊపిరి పీల్చుకునే వ్యవధి కూడా దొరకలేదు.

తాళంచెవి, నల్లని గడి

పుస్తకం మొదటి పుటలోనే ముసుగు కనిపిస్తుంది. 1980లో పదేళ్ల మార్జీ తరగతి ఫోటోలో నలుగురు బాలికలు వరుసగా కూర్చుని ఉంటారు. ఆమె వరుస చివర కూర్చోవడం వల్ల ఫోటోలో పడదు. బడిలో ముసుగు తప్పనిసరి చేసిన కొత్తలో ఆడపిల్లలు దానితో తాడాట ఆడుకుంటారు; గుర్రపు కళ్లెం చేసుకుంటారు. పెద్ద స్త్రీలు తల నుంచి పాదాల దాకా కప్పుకునే నల్లని వస్త్రాన్ని ఇరాన్‌లో చాదర్ అంటారు. తెలుగు ఇళ్లలో రాత్రిపూట కప్పుకునే చద్దరు ఆ పదం నుంచి వచ్చినదే. దక్కనులో శతాబ్దాల పాటు పారశీకం రాజభాషగా ఉన్నందువల్ల ఇటువంటి మాటలు మన ఇళ్లలో స్థిరపడ్డాయి. ఒకే మాట ఒకచోట చలినుంచి కాపాడుతుంది. మరొకచోట ప్రభుత్వ శాసనమై తల మీద కూర్చుంటుంది.

యుద్ధం మొదలైన తర్వాత కథ స్వరం మారుతుంది. దుకాణాల్లో సరుకులు మాయమవుతాయి. సరిహద్దు నగరమైన అబాదాన్ నుంచి ఇల్లూ వాకిలీ కోల్పోయి వచ్చిన కుటుంబం మార్జీ ఇంట్లో తలదాచుకుంటుంది. అంగడిలో టెహరాన్ స్త్రీలు ఆ శరణార్థులను చులకనగా మాట్లాడతారు. యుద్ధ విమాన చోదకుడైన తన తండ్రిని పోగొట్టుకున్న ఒక సహాధ్యాయిని, వీరుని కూతురివైనందుకు గర్వించమని మార్జీ ఓదారుస్తుంది. వీరమరణం కంటే తండ్రి ప్రాణాలతో జైలులో ఉన్నా మేలని ఆ పిల్ల బదులిస్తుంది. ఇవన్నీ చిన్న చిన్న సన్నివేశాలు. వీటి తర్వాత వచ్చే 'తాళంచెవి' అనే భాగం పాఠకుణ్ణి నిలువునా కుదిపివేస్తుంది.

మార్జీ ఇంట్లో పనిచేసే నస్రీన్‌కు పద్నాలుగేళ్ల కొడుకు ఉన్నాడు. అతనికి బడిలో బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ తాళంచెవి ఒకటి ఇస్తారు. యుద్ధంలో మరణించే భాగ్యం కలిగితే ఆ తాళంచెవితో స్వర్గద్వారం తెరుచుకుంటుందని చెబుతారు. ఇవి దొరికేది పేదల పిల్లలకే. స్తోమత ఉన్న ఇళ్ల పిల్లల మెడలో ఇటువంటి తాళంచెవులు కనిపించవు. ఐదుగురు పిల్లలను కష్టపడి పెంచిన తనకు దక్కిన ఫలం ఇదేనా అని ఆ తల్లి వాపోతుంది. ఈ భాగం చివరి పుటను రచయిత్రి రెండుగా విభజించారు. పైగడిలో మందుపాతరల మీద ఎగిరిపడుతున్న బాలుర నల్లని ఆకారాలు. వారికి ముఖాలు లేవు. మెడలో తాళంచెవులు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. దాని కిందిగడిలో మార్జీ, ఆమె స్నేహితులు ఒక విందులో ఎగురుతూ నాట్యం చేస్తున్నారు. ఆమె వేసుకున్న స్వెటరుకు అల్లికలోనే చిల్లులు ఉన్నాయి. మెడలో గొలుసులు ఉన్నాయి. రెండు గడుల్లోని దేహాల భంగిమలు ఒక్కటే. రచయిత్రి ఇక్కడ వ్యాఖ్యానం చేయలేదు; తన తరగతి పిల్లలను నిందించనూ లేదు. పక్కపక్కన పెట్టి ఊరుకున్నారు. అక్షరాలతో రాసిన ఆత్మకథలో ఈ రెండు దృశ్యాలను చదవడానికి ఒకదాని తర్వాత ఒకటిగా కొంత కాలం పడుతుంది. బొమ్మల్లో అవి ఒకే చూపులో తగులుతాయి. ఈ ప్రక్రియ బలం ఇక్కడ తేటతెల్లమవుతుంది.

ఇంతకంటె దారుణమైన మరొక ఘట్టం ఉంది. ఒక శనివారం మార్జీ జీన్స్ కొనుక్కోవడానికి బజారుకు వెళ్తుంది. తన వీధిలో క్షిపణి పడిందని విని ఇంటికి పరుగెత్తుతుంది. తల్లి క్షేమంగా ఉంది. పక్కనే ఉన్న బాబా లేవీ కుటుంబం ఇల్లు నేలమట్టమైంది. వారు యూదులు. శనివారం వారికి విశ్రాంతిదినం గనుక అందరూ ఇంట్లోనే ఉన్నారు. తల్లి ఆమె చేయి పట్టుకుని అక్కడినుంచి వేగంగా నడిపించుకుపోతుంటే, శిథిలాల మధ్య మార్జీకి ఒక మణికట్టు గొలుసు కనిపిస్తుంది. అది తన నేస్తం నెదాకు పద్నాలుగో పుట్టినరోజున పినతల్లి ఇచ్చిన నీలిరాళ్ల గొలుసు. ఆ గొలుసు ఇంకా దేనికో అంటుకుని ఉంది. తర్వాతి గడిలో మార్జీ నోరు మూసుకుంటుంది. ఆ తర్వాతి గడిలో ముఖాన్ని రెండు చేతులతో కప్పుకుంటుంది. చివరి గడిలో బొమ్మ లేదు. అది పూర్తిగా నలుపు. దాని కింద ఒక్క వాక్యం.

చూడలేనిదాన్ని గీయకపోవడం ఇక్కడ రచయిత్రి ఎన్నుకున్న పద్ధతి. చిత్రహింసలను, మృతదేహాలను ఇతరచోట్ల ఆమె గీశారు. అవి ఆమె విన్నవి. పిల్ల ఊహలో ఆకారం దాల్చినవి. అందుకే హింసకు గురైన ఒకని శరీరం బొమ్మల దుకాణంలోని ప్లాస్టిక్ బొమ్మలా అతుకుల దగ్గర విడిపోయినట్లు, లోపల డొల్లగా కనిపిస్తుంది. కళ్లారా చూసినదాన్ని మాత్రం నల్లని సిరాతో కప్పివేశారు.

ఒక అబద్ధం

ఆ తర్వాత మార్జీకి భయం పోతుంది. ఆమెను చూసి తల్లిదండ్రులకు భయం పట్టుకుంటుంది. ప్రధానోపాధ్యాయురాలితో కలబడి బడినుంచి బహిష్కరణ పొందుతుంది. కొత్త బడిలో, రాజకీయ ఖైదీలు ఇప్పుడు లేరని చెప్పిన ఉపాధ్యాయురాలిని అందరి ముందూ ఖండిస్తుంది. ఈ నోటితో ఈ దేశంలో బతకడం కష్టమని గ్రహించిన తల్లిదండ్రులు 1984లో, పద్నాలుగేళ్ల వయసులో, ఆమెను ఒంటరిగా ఆస్ట్రియా రాజధాని వియన్నాకు పంపుతారు. ప్రయాణానికి ముందురాత్రి అమ్మమ్మ పక్కన పడుకుంటుంది. అమ్మమ్మ రోజూ ఉదయం మల్లెజాతి పూలు కోసి రవికలో దాచుకుంటుంది. రాత్రి దుస్తులు మార్చుకునేటప్పుడు అవి జలజలా రాలుతాయి. ఎవరిమీదా పగ పెంచుకోవద్దని, ఆత్మగౌరవాన్ని కాపాడుకోమని, తన నిజాయితీని వదలవద్దని ఆమె ఆ రాత్రి మనుమరాలికి చెబుతుంది. మరునాడు విమానాశ్రయంలో మార్జీ అద్దాల గోడ వెనకనుంచి వెనుదిరిగి చూస్తుంది. స్పృహ తప్పిన తల్లిని తండ్రి చేతుల మీద మోసుకుపోతుంటాడు.

ఐరోపాలో బాంబులు లేవు. కానీ అక్కడ ఆమె ఎవరికీ చెందదు. మతోన్మాదుల దేశం నుంచి వచ్చిన పిల్ల అన్న చూపులు తప్పించుకోవడానికి ఒక విందులో తాను ఫ్రెంచి దేశస్థురాలినని చెబుతుంది. ఆ అబద్ధాన్ని ఎగతాళి చేస్తున్న మాటలు చెవిన పడినప్పుడు లేచి నిలబడి, తాను ఇరానీయురాలినని, అందుకు గర్విస్తున్నానని అరుస్తుంది. చివరకు ఒక చలికాలం వీధుల్లో గడిపి, జబ్బుపడి, 1988లో టెహరాన్‌కు తిరిగివస్తుంది. తిరిగివచ్చిన నగరంలో వీధులన్నిటికీ యుద్ధంలో మరణించినవారి పేర్లు. శ్మశానంలో నడుస్తున్నట్లు ఉందని ఆమెకు తోస్తుంది. ఎనిమిదేళ్ల యుద్ధాన్ని అనుభవించిన స్నేహితుల ముందు తన వియన్నా కష్టాలు చెప్పుకోవడానికి ఆమెకు నోరు రాదు.

ఈ భాగంలో మిక్కిలి విలువైన ఘట్టం ఏ పోరాటానికీ సంబంధించినది కాదు. మార్జీ పెదవులకు రంగు వేసుకుని ప్రియుని కోసం వీధిలో ఎదురుచూస్తుంటుంది. విప్లవ రక్షక దళం వారి బండి వస్తున్నట్లు కనిపిస్తుంది. వారి కళ్లు తన ముఖం మీద పడకుండా ఉండాలని, అక్కడ మెట్లమీద కూర్చున్న ఒక అపరిచితుడు తనతో అసభ్యంగా మాట్లాడాడని ఆమె ఫిర్యాదు చేస్తుంది. ఆ నిర్దోషిని వారు బండిలో ఎక్కించుకుపోతారు. ఆమె ఈ సంగతిని ప్రియునితో నవ్వుతూ చెప్పుకుంటుంది. అమ్మమ్మతో కూడా నవ్వుతూనే చెబుతుంది. అమ్మమ్మ నవ్వదు. తాతగారిని, అనూష్‌ను గుర్తుచేసి, నిర్దోషుల కోసం ప్రాణాలిచ్చిన ఇంట పుట్టి ఇదా చేయవలసిన పని అని ఆగ్రహిస్తుంది. ఆమె మనుమరాలి మీద కేకలు వేయడం అదే మొదటిసారి.

నియంతలు, గూఢచారులు, పోలీసులు చేసిన అన్యాయాలను అంతవరకూ చదివిన పాఠకునికి ఇప్పుడు ఒక అన్యాయం కథానాయిక చేతుల మీదుగానే జరిగింది. భయం మనిషిచేత ఏమి చేయిస్తుందో చెప్పడానికి రచయిత్రి శత్రువును ఉదాహరణగా తీసుకోలేదు. ఆ అపరిచితుని గతి ఏమైందో పుస్తకంలో చెప్పలేదు. కొంతకాలం తర్వాత విశ్వవిద్యాలయంలో, విద్యార్థినులు ఇంకా పొడవైన ముసుగులు ధరించాలని ఒక సభలో ఉపదేశం జరుగుతుంది. మార్జీ లేచి, ఆ దుస్తులతో బొమ్మలు గీయడం ఎలాగని, ఇన్ని నిబంధనలు స్త్రీలకేనా అని నిలదీస్తుంది. ఆ సంగతి విన్న తర్వాతనే అమ్మమ్మ ఆమెను క్షమిస్తుంది. చిత్రకళ విద్యార్థులకు శరీర నిర్మాణం నేర్పడానికి నిలబెట్టిన స్త్రీ తల నుంచి పాదాల దాకా చాదర్‌లో ఉంటుందన్న విషయం కూడా ఈ భాగంలోనే వస్తుంది. విద్యార్థులు ఎటునుంచి చూసి గీసినా బట్ట మడతలే కనిపిస్తాయి.

శైలి, ఆదరణ

సత్రపీ ఫ్రాన్సులో స్థిరపడిన తర్వాత పారిస్‌లో కొందరు యువ చిత్రకథాకారుల సహవాసంలో ఈ ప్రక్రియను చేపట్టారు. నాజీ శిబిరాల నుంచి బయటపడిన తన తండ్రి కథను ఆర్ట్ స్పీగెల్‌మన్ అనే అమెరికన్ చిత్రకారుడు బొమ్మల్లో చెప్పిన 'మౌస్' 1992లో పులిట్జర్ పురస్కారం పొంది, ఈ ప్రక్రియకు అప్పటికే గౌరవం తెచ్చింది. స్పీగెల్‌మన్ యూదులను ఎలుకలుగా, నాజీలను పిల్లులుగా గీశాడు. సత్రపీ అటువంటి సంకేతాలను ఆశ్రయించలేదు. ఆమె గీతలు పిల్లలు గీసిన బొమ్మల్లా సరళమైనవి. నలుపునకూ తెలుపునకూ నడుమ బూడిదరంగు ఛాయలు లేవు. రక్తం కూడా నలుపే. ప్రదర్శనల్లోని జనసమూహాన్ని ఒకే ముఖం పదేపదే గీసినట్లు వరుసలుగా పేర్చడంలో పాత పారశీక సూక్ష్మచిత్రాల ఛాయ గోచరిస్తుంది. ముఖం ఇంత సాదాగా ఉండడం వల్లనే ఇతర దేశాల పాఠకులకు మార్జీ పరాయిపిల్లగా అనిపించదు. అయితే ఈ సరళతకు ఒక పరిమితి కూడా ఉంది. ముసుగును మనస్ఫూర్తిగా ధరించిన స్త్రీలకు, విప్లవాన్ని మతవిశ్వాసంతో స్వాగతించిన సామాన్యులకు ఈ పుస్తకంలో దక్కిన చోటు తక్కువ. ఇది టెహరాన్ నగరంలోని సంపన్న, విద్యావంత కుటుంబం వాకిట్లోనుంచి చూసిన ఇరాన్. నస్రీన్ వంటివారి కథ ఆ వాకిటిదాకా వచ్చి ఆగిపోతుంది.

2007లో ఈ పుస్తకం యానిమేషన్ చలనచిత్రంగా వచ్చింది. సత్రపీ, వాన్సాన్ పారొనో కలిసి దర్శకత్వం వహించిన ఆ చిత్రానికి కాన్ చలనచిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి లభించింది. అది ఆస్కారుకు కూడా పోటీపడింది. 2011లో ట్యునీషియాలో ఒక టెలివిజన్ సంస్థ దీనిని ప్రసారం చేసినప్పుడు, దేవుణ్ణి మానవరూపంలో చూపడం అభ్యంతరకరమని ఆందోళనలు చెలరేగాయి. 2013లో అమెరికాలోని షికాగో నగర బడుల్లో, చిత్రహింసల బొమ్మలున్నాయన్న కారణంతో ఈ పుస్తకాన్ని తరగతి గదులనుంచి తొలగించమని ఉత్తర్వు వెలువడింది. విద్యార్థులే వీధిలోకి వచ్చి నిరసన తెలిపారు. 2022లో మహ్సా అమీనీ అనే యువతి ముసుగు నిబంధన విషయమై నిర్బంధంలో మరణించిన తర్వాత ఇరాన్‌లో స్త్రీల ఉద్యమం పెల్లుబికినప్పుడు, సత్రపీ మరల ఈ ప్రక్రియకు వచ్చి, పలువురు చిత్రకారులతో కలిసి 2023లో ఆ ఉద్యమం గురించి ఒక పుస్తకం తెచ్చారు.

'పెర్సెపోలిస్' 1994 సెప్టెంబరులో ముగుస్తుంది. విఫలమైన వివాహాన్ని విడిచి మార్జీ ఫ్రాన్సుకు బయలుదేరుతుంది. వీడ్కోలు చెప్పడానికి తల్లిదండ్రులు, అమ్మమ్మ విమానాశ్రయానికి వస్తారు. ఈసారి తల్లి స్పృహ తప్పదు. తిరిగి రావద్దని కూతురికి చెబుతుంది. ఆ తర్వాత మార్జీ అమ్మమ్మను చూసినది ఒక్కసారే, 1995 మార్చిలో, ఇరానీయుల కొత్త సంవత్సరానికి ఇంటికి వచ్చినప్పుడు. 1996 జనవరి 4న అమ్మమ్మ మరణించింది.